అడవిలో పడిన ముద్ద

1958లో అమెరికాలో 'ది బ్లాబ్' అను చలనచిత్రము విడుదలైనది. కథ చిన్నది. ఒక ఊరి చేరువ అడవిలో ఉల్క పడును. ముసలివాడొకడు దానిని కఱ్ఱతో పొడిచి చూచును. లోపలి జిగురు ముద్ద అతని చేతికి అంటుకొని, అది మొదలు మనుష్యులను తినుచు, ఎఱ్ఱబడుచు పెరుగును. దానికి కాళ్లు లేవు, కండ్లు లేవు, మెదడు లేదు. తలుపు సందులలోనుండి దూరివచ్చును.

నిర్మాతల వద్ద సొమ్ము తక్కువ. సుమారు 1,10,000 డాలర్లతో, పెన్సిల్వేనియాలోని ఫీనిక్స్‌విల్ ప్రాంతమున చిత్రమును తీసిరి. ఆ ముద్ద నిజమునకు ఎఱ్ఱరంగు కలిపిన సిలికోన్. ఫలహారశాలను అది కప్పివేయు ఘట్టము కొఱకు, ఆ కట్టడము ఫోటోపై సిలికోనును ఉంచి, బల్లను కదిపి, అది జారిపోవుచుండగా చిత్రించి, ఫిల్మును తలక్రిందుల వరుసలో చూపిరి. చవుక ఉపాయమే గాని చక్కగా కుదిరినది.

ఇట్టి జీవి ఉండునా? అంతరిక్షమునుండి వచ్చిన ప్రాణి ఏదియు ఇంతవరకు కనబడలేదు. కాని అడవులలో, కుళ్ళిన మొద్దులపై, దీనిని పోలినది ఒకటి కలదు. దాని పేరు ఫైసేరమ్ పాలిసెఫాలమ్. దీనిని జిగురుబూజు అనవచ్చును. పేరుకు బూజే గాని శిలీంధ్రము కాదు. పసుపుపచ్చని ఆ పొర యంతయు ఒకే కణము. అందు లెక్కకు మిక్కిలి కేంద్రకములుండును. అది గంటకు కొన్ని సెంటీమీటర్లు ప్రాకి, సూక్ష్మజీవులను చుట్టుకొని జీర్ణించుకొనును. 2000లో జపాను శాస్త్రజ్ఞుడు నకగాకి బృందము దీనిని చిక్కుదారులలో పరచి రెండు కొనల ఆహారముంచగా, అది దగ్గరి దారిని మాత్రము నిలుపుకొని తక్కినవానినుండి వెనుదీసినది. మెదడు లేని ప్రాణికి ఇది తక్కువ పని కాదు.

మఱి ఇది ఇల్లంత ఏల పెరుగదు? ఘనము భుజమును రెట్టింపు చేసినచో ఉపరితలము నాలుగింతలగును, ఘనపరిమాణము ఎనిమిదింతలగును. ప్రాణవాయువు చొరవలసినది ఉపరితలమునుండియే. ఊపిరితిత్తులు, రక్తప్రసారము లేని ఇల్లంతటి ముద్దకు నడిమిభాగము ఊపిరాడక చచ్చును. అందుచేతనే జిగురుబూజు పలుచగా పరచుకొని బ్రతుకును.

చిత్రము ముగింపులో మాత్రము శాస్త్రము కొంత ఉన్నది. విద్యుత్తుకు లొంగని ముద్ద నిప్పునార్పు యంత్రమునకు జంకును. ఆ యంత్రములో ఒత్తిడివలన ద్రవమైన బొగ్గుపులుసు వాయువుండును. బయటికి రాగానే అది వ్యాకోచించి చల్లబడి, కొంత భాగము సున్నకు దిగువ 78 డిగ్రీల మంచుగా మారును. చలిలో జీవరసాయన చర్యలు మందగించును. మందగించుట చావు కాదు. జిగురుబూజు కూడ ఎండకాలమున పెచ్చుగట్టి నిద్రించి, తడి తగులగానే లేచును. కథలోనూ ముద్దను చంపలేక, విమానములో ఉత్తరధ్రువ ప్రాంతమునకు మోసి మంచులో పడవేయుదురు. ధ్రువము చల్లగా ఉన్నంతకాలము భయము లేదని నాయకుడు అనును. తెరపై 'సమాప్తము' అను మాట ప్రశ్నార్థకముగా మారును.

ఆనాటి ప్రేక్షకులకు అది వట్టి చమత్కారము. 1979 తరువాత ఉత్తరధ్రువ ప్రాంతము భూగోళపు సగటుకంటె సుమారు నాలుగు రెట్లు వేగముగా వేడెక్కినది. 2016 వేసవిలో సైబీరియాలోని యమాల్ ద్వీపకల్పమున ఎండలు మెండై, ఏటికేడు గడ్డకట్టియుండు నేల లోతుగా కరగినది. 1941 తరువాత అచట కనబడని ఆంథ్రాక్సు వ్యాధి మరల లేచి, 2,000కు పైగా రెయిన్‌డీరు జింకలు చచ్చినవి. 12 ఏండ్ల బాలుడొకడు మరణించెను. నేలలో పూడియుండిన పాత కళేబరములనుండి బీజములు బయటపడినవని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. జింకలకు టీకాలు వేయుట 2007లో మానివేసిరి. అదియు వ్యాధికి దారి ఇచ్చినది.