ప్రళయ కావేరికి ఒకనాటి ప్రయాణము

సెలవు దినమున పిల్లలను ఎచ్చటికి తీసికొనిపోవలయునని తల్లిదండ్రులు మమ్ము తఱచుగా అడుగుచుందురు. చెన్నపట్టణమునుండి అందఱును మహాబలిపురమునకే పోవుదురు. అది చూడదగిన స్థలమే. కాని ఆదివారమునాడు అచట చిన్నపిల్లలకు రాతిరథములకంటె పెద్దల వీపులే ఎక్కువగా కనబడును. మేము పులికాటు సరస్సును సూచింతుము.

దీనిని తెలుగున ప్రళయ కావేరి యనియు, దక్షిణపు ఒడ్డుననున్న ఊరిని అరవమున పళవేర్కాడు అనియు అందురు. సెంట్రల్ స్టేషనునుండి గుమ్మిడిపూండి వైపు పోవు లోకల్ రైలులో పొన్నేరిలో దిగి, అచటినుండి బస్సులో ఆ ఊరు చేరవచ్చును. మొత్తము దూరము సుమారు 60 కిలోమీటర్లు.

మన దేశమున చిలకా తరువాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదియే. అధికభాగము ఆంధ్రప్రదేశమునకు, దక్షిణపు కొన తమిళనాడునకు చెందును. సముద్రమునకును దీనికిని నడుమ శ్రీహరికోట దీవి యున్నది. ఆరణి, కాళంగి నదులు మంచినీటిని తెచ్చును. ముఖద్వారమునుండి సముద్రపు నీరు వచ్చును. కావున వానలకు నీటి ఉప్పదనము తగ్గి, వేసవిలో పెరుగును. ఇసుక మేటవేసి ముఖద్వారము పూడినచో చేపలు తగ్గును. జాలరి కుటుంబములకు కష్టకాలము వచ్చును. ఈ సంగతిని పిల్లలకు ఒడ్డున నిలిచి చెప్పినచో భూగోళపాఠము వేఱుగా అక్కఱలేదు.

నీరు లోతు లేనందున శీతకాలమున ఫ్లెమింగో పక్షులు వచ్చును. అవి ముక్కును తలక్రిందుగా బురదనీటిలో నుంచి చిన్న జీవులను వడకట్టి తినును. వాటి గులాబి వన్నె ఆ ఆహారమువలన కలిగినదే.

1610లో విజయనగర ప్రభువు రెండవ వేంకటపతిరాయల అనుమతి పొంది డచ్చివారు ఇచట వర్తకము సాగించిరి. ఇచటినుండి నూలుబట్టలు తూర్పుదీవులకు ఓడలపై పోయెడివి. వారు 1613లో కట్టిన గెల్డ్రియా కోట శిథిలమైనది గాని, సమాధుల తోట నిలిచియున్నది. దాని ద్వారమువద్ద రాతిలో చెక్కిన అస్థిపంజరములను చూచి పిల్లలు మొదట జడియుదురు, పిదప అచటినుండి కదలరు.

తెలుగు ఇంటిలోను బడిలోను మాత్రమే వినబడు భాష యని తలచు పిల్లలు మనలో కలరు. ఈ సరస్సు చుట్టునున్న పల్లెలలో తెలుగు, అరవము రెండును వినబడును. వారితో రెండు మాటలు మాటలాడనిండు.

పడవ మాత్రము ఎక్కవలదు. 2011 డిసెంబరు 25న ఇచట విహారపు పడవ మునిగి 22 మంది మరణించిరి. ఎవరైన తక్కువ రుసుమునకు త్రిప్పుదుమని పిలిచినను ఒడ్డుననే యుండుడు. నీడ తక్కువ, గొడుగులు, త్రాగునీరు, పెరుగన్నము వెంట తీసికొనిపోవలయును. తెల్లవారుజామున బయలుదేరినచో ఎండ ముదురకముందే పక్షులను చూడవచ్చును.