ముఖం ఎందుకు పచ్చబడింది?

జగిత్యాల దగ్గరి ఒక పల్లె నుంచి పోయిన నెల ఒక పాఠకురాలి ఉత్తరం వచ్చింది. ఆవిడ చిన్నాయన దుబాయిలో పనిచేస్తూ అక్కడి ఆసుపత్రిలోనే పోయారు. కాగితాలన్నీ తేలి పెట్టె ఊరు చేరేసరికి పదకొండు రోజులు. "పెట్టె తెరిస్తే కుళ్లిన వాసన లేదు సార్, కండ్లు మండే మందు వాసన. చెంప మీద చెయ్యి పెడితే చెక్క లెక్క తగిలింది. ముఖం పచ్చగ అయింది. మా చిన్నమ్మ ఇప్పటికీ ఈయన మా ఆయన కాదు, మార్చి పంపిండ్రు అంటది. కాగితాలల్ల ఎంబామింగ్ సర్టిఫికెట్ అని ఒకటుంది. అసలు ఏం చేస్తరు?"

ఓదార్పు మాట రాసి ఊరుకోవాల్సిన ఉత్తరమే. కానీ వాసన రాకపోవడం, చెక్కలా బిగుసుకోవడం, పచ్చబడటం, ఈ మూడింటి వెనకా ఒకే అణువు ఉంది. అది తట్టాక ఊరుకోవడం నావల్ల కాలేదు. ఆవిడకు ఫోన్ చేసి అడిగాను: పచ్చగా అంటే ఏ పచ్చమ్మా, పసుపుపచ్చా, ఆకుపచ్చా? "ఆకుపచ్చే సార్, పాచి రంగు." ఇంకో ప్రశ్న కూడా అడిగాను. దాని జవాబు చివర చెబుతాను.

కుళ్లడం సంగతి ముందు గబగబా ముగించేద్దాం. గుండె ఆగాక శరీరం మీద దాడి రెండు వైపుల నుంచి మొదలవుతుంది. మన కణాల్లోనే లైసోజోములనే చిన్న సంచుల్లో జీర్ణం చేసే ఎంజైములు ఉంటాయి. ఆక్సిజన్ అందక సంచులు చిట్లితే అవి సొంత ఇంటినే తినడం మొదలెడతాయి. అదే సమయంలో, ఇన్నాళ్లూ పేగుల్లో బుద్ధిగా ఉన్న బాక్టీరియా గోడలు దాటుతుంది. చలి వేస్తే రెండూ మందగిస్తాయి. మన ఊళ్లలో అద్దెకు తెచ్చే ఫ్రీజర్ బాక్సు చేసేది అంతే. కరెంటు ఉన్నంతసేపే దాని పని.

పాతకాలం వాళ్లు వేరే దారులు తొక్కారు. రామాయణంలో దశరథుడు పోయేనాటికి కొడుకులెవరూ దగ్గర లేరు. భరతుడు మేనమామ ఇంటి నుంచి వచ్చేదాకా దేహాన్ని తైలద్రోణిలో ఉంచారు. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలాలని అమ్మమ్మలు పట్టుబట్టేది ఎందుకో ఇదీ అందుకే, గాలీ ఈగా చేరకుండా. చిక్కేమిటంటే పేగుల్లోని బాక్టీరియాలో చాలా భాగానికి గాలి అక్కర్లేదు. ఆవకాయను నిజంగా కాపాడేది అడుగున ఉన్న ఉప్పూ పులుపూ.

ఉప్పు దారి పట్టినవాళ్లు ఈజిప్షియన్లు. వాళ్లు వాడిన నేట్రాన్ సరస్సుల ఒడ్డున దొరికే సోడా ఉప్పు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈ పని గురించి రాస్తూ చేపలకు ఉప్పు పెట్టడానికి వాడే క్రియాపదాన్నే వాడాడు. దాన్ని పట్టుకుని తర్వాతి పండితులు చాలామంది ఉప్పునీటి తొట్టెలో నానబెట్టారని ఊహించుకున్నారు. రసాయనజ్ఞుడు ఆల్ఫ్రెడ్ లూకాస్ పావురాల మీద ప్రయోగాలు చేసి, పొడి నేట్రాన్ చక్కగా సరిపోతుందని తేల్చాడు. కాకినాడ బీచిలో ఎండుచేపలు చూసినవాడు ఎవడైనా ఆ పండితులకు ఈ మాట చెప్పి ఉండేవాడు. అయితే ఎండినది ఎండిపోయినట్టే ఉంటుంది. కొడుకు వచ్చి చూస్తే గుర్తుపట్టేలా ఉండదు.

గుర్తుపట్టేలా ఉండాలంటే మందు లోపలిదాకా పోవాలి. ఇక్కడ చిన్న లెక్క ఉంది, నాకు చాలా ఇష్టమైన లెక్క. ద్రవంలో ముంచిన మాంసంలోకి మందు వ్యాపనం వల్ల చొరబడుతుంది. ఆ చొరబాటుకు ఒక జిడ్డు గుణం ఉంది. లోతు రెట్టింపు కావాలంటే కాలం నాలుగు రెట్లు పడుతుంది, లోతు పదింతలైతే కాలం వందింతలు. 1941లో పీటర్ మెదావర్ దీన్ని కణజాలాలకు అన్వయించి చూపించాడు. మొదటి గంటలో మందు ఒక మిల్లీమీటరు దూరిందనుకుందాం. సెంటీమీటరు దూరడానికి 100 గంటలు. తొడలో ఎనిమిది సెంటీమీటర్ల లోతుకు 6,400 గంటలు, అంటే దాదాపు తొమ్మిది నెలలు! ఈలోగా లోపలి మాంసం ఎవరి కోసమూ ఆగదు. అందుకే మనిషిని తొట్టెలో ముంచడం పనికిరాదు.

ఇప్పుడు లెక్కను తిరగేయండి. బయటి నుంచి కాకుండా రక్తం నడిచిన దారుల్లోంచే మందు పోతే? శరీరంలో చాలా చోట్ల ఏ కణానికైనా అతి దగ్గరి కేశనాళిక మిల్లీమీటరులో పదో వంతు లోపే ఉంటుంది. అందులో సగం, 0.05 మిల్లీమీటరు వేసుకుందాం. అదే సూత్రం ప్రకారం పట్టే కాలం తొమ్మిది సెకన్లు. తొమ్మిది నెలలు ఎక్కడ, తొమ్మిది సెకన్లు ఎక్కడ! గుండె ఆగిపోయినా గొట్టాలు మిగిలే ఉన్నాయి. ఎంబామింగ్ అంటే బతికినన్నాళ్లూ అన్నం మోసిన ఆ గొట్టాలతో ఇంకొక్కసారి పని చేయించుకోవడం.

ఈ దారి మనిషికి తెలియడానికి చాలా కాలం పట్టింది. 1628లో విలియం హార్వే రక్తం చుట్టూ తిరుగుతుందని చెప్పాడు కానీ ధమనుల నుంచి సిరలకు ఎలా దాటుతుందో చూడలేదు. 1661లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తుల్లో కేశనాళికలను చూశాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫ్రెడరిక్ రూయిష్ అనే మహానుభావుడు రంగు కలిపిన మైనం లాంటి రహస్య ద్రవ్యాలను రక్తనాళాల్లోకి ఎక్కించి, నిద్రపోతున్నట్టుండే దేహాలను తయారుచేశాడు. రష్యా చక్రవర్తి పీటర్ ఒక శిశువు నుదుటిని ముద్దుపెట్టుకున్నాడని చెప్పుకుంటారు. 1717లో ఆయన ఆ సేకరణ మొత్తాన్ని 30,000 గిల్డర్లకు కొనేశాడు. ఇంత చేసిన రూయిష్ సిద్ధాంతంలో మాత్రం బోల్తా పడ్డాడు. ఎక్కడ చూసినా తన మైనం నిండిన గొట్టాలే కనబడేసరికి శరీరమంతా గొట్టాలేనని, గ్రంథుల గురించి మాల్పీగీ చెప్పింది తప్పని వాదించాడు. మైనం ఎక్కని చోట ఏముందో ఆయన మైనం చెప్పదు కదా!

దారి దొరికింది, అందులో పంపాల్సిన మందు ఇంకా దొరకలేదు. టర్పెంటైన్ పోశారు, అల్యూమినియం లవణాలు పోశారు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల దేహాలను రైళ్లలో ఇళ్లకు పంపడానికి ఎంబామింగ్ పెద్ద వ్యాపారమైంది. థామస్ హోమ్స్ అనే వైద్యుడు తన చేతుల మీదుగా 4,028 మంది వెళ్లారని తానే చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో మందుల్లో ఆర్సెనిక్ విరివిగా ఉండేది. అది బాక్టీరియాను చంపుతుంది, తర్వాత ఎంబామర్‌నూ వదలదు.

అసలు కథానాయకుడు పుట్టింది ఆ యుద్ధానికి రెండేళ్ల ముందే, 1859లో. రష్యా రసాయనజ్ఞుడు బుట్లెరోవ్ ఫార్మాల్డిహైడ్‌ను తయారుచేశాడు, తన చేతిలో ఉన్నదేమిటో మాత్రం గుర్తుపట్టలేకపోయాడు. 1860ల చివర్లో హోఫ్‌మన్ వేడి ప్లాటినం మీదుగా మెథనాల్ ఆవిరిని గాలితో కలిపి పంపి, దాన్ని సరిగ్గా గుర్తించాడు. అయినా దేహాలకూ దీనికీ సంబంధం ఉందని పాతికేళ్లు ఎవరికీ తట్టలేదు. 1893లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లుమ్ అనే వైద్యుడు దీన్ని క్రిమిసంహారిణిగా పరీక్షిస్తున్నాడు. పని చేస్తూండగా తన వేళ్ల చర్మం గట్టిపడటం గమనించాడు. ఇంకొకరైతే చేతులు కడుక్కుని నూనె రాసుకునేవారు. ఆయన వేళ్ల వంక చూస్తూ కూర్చున్నాడు. జగిత్యాల పెట్టెలో చెక్కలా తగిలిన చెంప కథ ఆ వేళ్ల దగ్గర మొదలైంది.

ఆ వేళ్లలో జరిగిందేమిటి? ఫార్మాల్డిహైడ్ అంటే ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు. ఆల్డిహైడ్ల కుటుంబంలో ఇంతకన్నా బుడతడు లేడు. ప్రోటీన్ పొడవాటి గొలుసు. ఆ గొలుసు నుంచి అక్కడక్కడ చేతులు బయటికి చాచి ఉంటాయి, ముఖ్యంగా లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉన్నచోట. బుడతడు ముందు ఒక చేతిని పట్టుకుంటాడు. పక్కనే ఇంకో చెయ్యి అందుబాటులో ఉంటే దాన్నీ పట్టుకుంటాడు. ఈ పట్టులో ఒక నీటి అణువు బయటపడి, రెండు గొలుసుల మధ్య ఒకే ఒక్క కార్బన్‌తో వంతెన పడుతుంది. ఇలాంటి వంతెనలు కోటానుకోట్లు పడితే మెత్తటి మాంసం వల అల్లినట్టు బిగుస్తుంది.

గుడ్డు ఉడికినా గట్టిపడుతుంది కదా అంటారేమో. అక్కడ వేడికి ప్రోటీన్ల ముడులు విడిపోయి చిక్కుపడతాయి. ఫార్మాల్డిహైడ్ ముడులు పెద్దగా విప్పదు, ఉన్నవాటిని ఉన్నచోటే కట్టేస్తుంది. ముఖం ముఖంలా మిగలడానికి కారణం అదే. దీనికి దగ్గరి చుట్టం తోళ్లు పదును చేసే పని. మన దగ్గర తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేవారు. ఆ బెరడులోని టానిన్ కూడా తోలులోని కొల్లాజెన్ గొలుసులను ఒకదానికొకటి బిగిస్తుంది. పచ్చి తోలు నాలుగు రోజుల్లో కంపు కొడుతుంది, చెప్పు కొట్టదు.

ఇంకా ముచ్చటైన సంగతి చూడండి. ఎంజైములూ ప్రోటీన్లే, బాక్టీరియాలో ఉన్నవీ ప్రోటీన్లే, అవి తినబోయే మాంసమూ ప్రోటీనే. అంటే కత్తినీ, కోసేవాడినీ, కోయాల్సిన కూరనూ ఒకే తాడుతో కట్టేసినట్టు. ఆర్సెనిక్ కోసేవాడిని మాత్రమే చంపింది.

ఒక చిక్కు మాత్రం కణజాల పరిశోధకులను దశాబ్దాల పాటు వేధించింది. ఫార్మాలిన్, అంటే నీటిలో కలిపిన ఫార్మాల్డిహైడ్, మాంసంలోకి వేగంగా దూరుతుంది, కానీ బిగించడానికి గంటలు, ఒక్కోసారి రోజులు తీసుకుంటుంది. ఇంత చురుకైన అణువు లోపలికి వెళ్లాక ఎందుకు నిద్రపోతోంది? 1985లో వచ్చిన ఒక పత్రం దీన్ని చక్కగా విడమరచింది. ఫార్మాల్డిహైడ్ వాయువు నీటిలో కలిస్తే దాదాపు అంతా నీటితో చేరి మిథిలీన్ గ్లైకాల్‌గా మారిపోతుంది. అది దూరగలదు, పట్టుకోలేదు. పట్టుకోగల అసలు ఫార్మాల్డిహైడ్ వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు. ఆ కొంచెమూ వంతెన కట్టి ఖర్చయ్యాక, గ్లైకాల్ నుంచి మరికొంత విడుదలవుతుంది. రేషన్ షాపు ముందు వెయ్యి మంది ఉన్నా కౌంటరు దగ్గర నిలబడేది ఒక్కడేగా!

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో ఒక వైద్య కళాశాల అనాటమీ విభాగంలో చూశాను. తలకన్నా ఎత్తున కప్పీకి వేలాడదీసిన డబ్బా, దాన్నుంచి రబ్బరు గొట్టం, తొడ మొదట్లో చిన్న కోత, అందులో పెన్సిలంత ధమని. అక్కడ మోటారు లేదు, ఎత్తే మోటారు. పది లీటర్ల దాకా దిగుతుంది. అటెండరు చేతులనూ కాళ్లనూ పైకీ కిందికీ నలుపుతున్నాడు. గడ్డకట్టిన రక్తం అడ్డుపడితే మందు వేళ్లదాకా చేరదు. "గోళ్లు చూడండి సార్" అన్నాడు. తెల్లగా పాలిపోయిన గోరు కింద నెమ్మదిగా గులాబీ రంగు పాకింది. మందులో కలిపిన ఇయోసిన్ అది, ఎక్కడిదాకా చేరిందో చెప్పే గుర్తు. తెలిసి కూడా ఉలిక్కిపడ్డాను.

అంత్యక్రియల కోసం చేసేచోట పంపు వాడతారు, మెడలోని ధమనిలో ఎక్కిస్తూ పక్క సిర తెరిచి రక్తాన్ని బయటికి వదులుతారు. తర్వాత పొట్టలోకి పొడవాటి గొట్టపు సూది దింపి, ద్రవాలు లాగేసి గాఢమైన మందు పోస్తారు. పేగుల్లోని సైన్యానికి అది. ఎండిపోకుండా గ్లిజరిన్, రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కూడా కలుపుతారు. విమానంలో పంపే దేహానికి ఎంబామింగ్ సర్టిఫికెట్ అడిగేది ఈ పనికే.

ఉపయోగాలు రాయకపోతే సంపాదకులు ఊరుకోరు. ఆపరేషన్ చేసి తీసిన గడ్డను చిన్న సీసాలో వేసి, ల్యాబ్‌కు తీసుకెళ్లమని బంధువుల చేతిలో పెడతారే, ఆ సీసాలో ఉన్నదీ ఫార్మాలినే. 2018 జులైలో ఆంధ్ర చేపల్లో ఇది దొరికిందని అస్సాం కొన్ని రోజులు వాటిని ఆపేసింది. చచ్చిన చేపను తాజాగా చూపించాలనే కక్కుర్తికి బ్లుమ్ గారి వేళ్లు బలయ్యాయి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. నేను చూసిన అటెండరు ముక్కుకు కట్టుకున్నది మాత్రం జేబురుమాలు.

ఇక పచ్చదనం. ఫోన్లో నేనడిగిన రెండో ప్రశ్న: మీ చిన్నాయనకు ఏం జబ్బు? "కామెర్లు ముదిరినయి సార్." అప్పుడే నాకు సంగతి అర్థమైంది.

మోకాలికి దెబ్బ తగిలితే కమిలిన చోట ముందు నీలం, తర్వాత ఆకుపచ్చ, ఆ తర్వాత పసుపు రంగు తేలడం అందరూ చూసిందే. చితికిన రక్తంలోని హీమ్‌ను శరీరం ముందు బిలివర్డిన్‌గా మారుస్తుంది, అది ఆకుపచ్చ. తర్వాత ఒక ఎంజైము దాన్ని బిలిరుబిన్‌గా మారుస్తుంది, అది పసుపు. కామెర్ల రోగి ఒంట్లో ఈ పసుపు బయటికి పోక చర్మంలో పేరుకుంటుంది. ఫార్మాల్డిహైడ్ సమక్షంలో, అందులోనూ ద్రావకం ఆమ్లంగా ఉంటే, బండి వెనక్కి నడుస్తుంది. బిలిరుబిన్ ఆక్సీకరణం చెంది మళ్లీ బిలివర్డిన్ అవుతుంది. వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది పాత తలనొప్పి. కామెర్ల కేసులకని ఫార్మాల్డిహైడ్ తగ్గించిన మందులు విడిగా అమ్ముతారు. దుబాయిలో ఆ రోజు మామూలు మందే ఎక్కించి ఉంటారు.

పసుపుకూ ఆకుకూ మన భాషలో ఉన్నది ఒకటే పచ్చ. ఆసుపత్రిలో చేరేటప్పుడు ఆయన ఒక పచ్చ, పెట్టెలో వచ్చేటప్పుడు ఇంకో పచ్చ. అమ్మా, మీ చిన్నమ్మకు చెప్పండి, ఆయన్ని ఎవరూ మార్చలేదు. కామెర్లు లేని వేరే మనిషిని పంపి ఉంటే ముఖం ఇలా ఆకుపచ్చగా తిరిగేదే కాదు.