వాన అందరి మీదా కురుస్తుంది, నిలిచేది కొందరి నేలలోనే

అనంతపురం కరువు మాట వస్తే అందరూ ఆకాశం వైపే చూపిస్తారు. వాన తక్కువన్నది నిజమే. నైరుతి రుతుపవనాలు తమ తేమలో ఎక్కువ భాగాన్ని పశ్చిమ కనుమల అవతలే కురిపించి, పొడిగాలితో ఈ పీఠభూమి మీదికి వస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలు తూర్పు తీరంలో కురిసినంతగా ఇక్కడ కురవవు. అందుకే ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. కానీ ఒకే ఊళ్లో, ఒకే వాన కింద, ఒకరి పైరు ఎండిపోయి మరొకరి పైరు ఎందుకు నిలుస్తోంది? దీనికి జవాబు కావాలంటే నేలను తవ్వి చూడాలి.

ఇక్కడ చాలా భాగం అడుగున ఉన్నవి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, నైస్ రాళ్లు. ఎండకూ వానకూ అవి పగిలి, చివికి ఎర్రనేల అయ్యాయి. రాతిలోని ఇనుము తుప్పు పట్టడం వల్లే ఆ ఎరుపు. గుట్టవాలులో పుట్టిన మట్టి అక్కడే ఉండదు. ప్రతి పెద్దవానకూ సన్నని బంకమట్టి కొట్టుకుపోయి వంకల్లో, చెరువుల్లో, పల్లపు పొలాల్లో చేరుతుంది. పైన మిగిలేది గులకరాళ్లు, ముతక ఇసుక. చాలాచోట్ల మూరెడు తవ్వితే రాయి తగులుతుంది.

పైరుకు నేల లోతే నీటితొట్టి. బంకమట్టి నీటిని పట్టి ఉంచుతుంది, ఇసుక వదిలేస్తుంది. వాన ముఖం చాటేస్తే లోతైన నల్లరేగడి వారాల తరబడి పైరును కాపాడగలదు. పలచని గరుసు నేలలో కొద్ది రోజులకే చెట్టు వాడుతుంది. వేరుశనగ ఊడలు దిగే సమయంలో ఇలా జరిగితే, గట్టిపడిన నేలలోకి ఊడ దిగదు. చెట్టు బతికినా కాయ ఉండదు.

ఇప్పుడు ఊరి పటం చూడండి. చెరువు కింది మాగాణి తరతరాలుగా ఎక్కువగా ఆధిపత్య కులాల చేతుల్లోనే ఉంది. దళితులకు దక్కిన కొద్దిపాటి భూమి చాలావరకు డీకేటీ పట్టా, అంటే ఎవరూ దున్నక మిగిలిన గుట్టవాలు. ఆ భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం వచ్చింది. అందులోని మట్టి మాత్రం వానవానకూ కిందికి జారుతూనే ఉంది. చెరువు తూము తీసి నీళ్లు పంచే నీరుగంటి పని చాలా ఊళ్లలో దళితులదే. ఆ నీళ్లు పారింది మాత్రం పరాయి మళ్లకు.

భూగర్భ జలం కథా ఇంతే. గట్టి రాతిలో నీరు పైనున్న చివికిన పొరలోనూ, అడుగు పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. ఒకే పగులు నాలుగు పొలాల కింద సాగవచ్చు. ఒకరు లోతుగా బోరు దింపితే పక్కవారి బావి ఎండుతుంది. బోర్లకు నియంత్రణ ఉండాలని 2002 నాటి వాల్టా చట్టం చెప్పింది. అది అమలు కాని చోట ఎవరి బోరు ఎంత లోతుకు దిగాలో డబ్బే తేలుస్తుంది.

ఎకరంపై 25 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు లక్ష లీటర్ల నీరు. వాలుకు అడ్డంగా కట్టలు, కందకాలు వేస్తే మట్టీ నీరూ కొంతైనా అక్కడే ఆగుతాయి. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం ఎస్సీ, ఎస్టీల సొంత భూముల్లో ఇలాంటి పనులకు వీలు కల్పించింది. చెరువు పూడిక తోలితే గరుసు నేలకు నీటిని పట్టే శక్తి పెరుగుతుంది. ఆ పూడికలో పై పొలాల నుంచి కొట్టుకొచ్చిన మట్టీ ఉంది. ట్రాక్టరున్న వారి చేలకే అది చేరితే దళితుల నేల రెండోసారి నష్టపోయినట్టే.

1927లో మహాడ్‌లో అంబేడ్కర్ నాయకత్వాన దళితులు చౌదార్ చెరువు నీటిపై హక్కు చాటారు. ఇక్కడ ఆ హక్కు చెరువు మట్టికీ వర్తించాలి. గ్రామసభలో మనం అడగాల్సినవి మూడే: పూడిక ఎవరి పొలానికి వెళ్లింది? కట్టలు ఎవరి చేలో పడ్డాయి? కొత్త బోరుకు అనుమతి ఎవరిచ్చారు?