కాపలా మీది, కేసు మాది

2016 ఫిబ్రవరిలో ఓ రాత్రి, అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో క్రో తెగ భూభాగం గుండా సాగే 212వ నంబరు హైవే పక్కన ఓ ట్రక్కు ఆగి ఉంది. సాయం కావాలేమోనని తెగ పోలీసు అధికారి ఒకరు దగ్గరికి వెళ్లారు. డ్రైవరు కళ్లు ఎర్రబడి నీళ్లూరుతున్నాయి. ముందు సీటు మీద రెండు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కనిపించాయి. అధికారి అతణ్ని కిందికి దించి, ఒళ్లు తడిమి చూసి, అదనపు సిబ్బందికి కబురు పెట్టారు. వాళ్లు వచ్చేలోగా ట్రక్కులో గాజు గొట్టం, మెథాంఫెటమిన్ పొట్లం బయటపడ్డాయి. ఏ దేశంలోనైనా ఇది మామూలు పోలీసు కేసే. కానీ ఈ కేసు ఐదేళ్లు కోర్టుల్లో నలిగింది. డ్రైవరు నేటివ్ అమెరికన్ (అక్కడి చట్టం మాటల్లో ‘ఇండియన్’) కాడు కాబట్టి, అతణ్ని ఆపి సోదా చేసే హక్కు తెగ పోలీసుకు ఉందా అన్నదే అక్కడి వాదమంతా. నువ్వు ఇండియన్‌వా కాదా అని ముందు అడగాలని, కాదంటే నేరం కళ్లెదుట స్పష్టంగా కనబడుతున్నప్పుడే పట్టుకోవాలని అప్పీలు కోర్టు తేల్చింది. అలా అడిగితే జనం అబద్ధం చెప్పి తప్పించుకుంటారని 2021లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది. అనుమానితుణ్ని కాసేపు ఆపవచ్చు, సోదా చేయవచ్చు, తర్వాత రాష్ట్ర పోలీసులకో ఫెడరల్ అధికారులకో అప్పగించవచ్చు అంది. గెలిచాక కూడా తెగ పోలీసుకు దక్కింది అప్పగించే అధికారమే.

అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న తెగలు 570కి పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి సొంత పోలీసు శాఖ ఉంది, దానికో చీఫ్ ఉంటారు. ఆ చీఫ్ పనితీరు గురించి మాట వచ్చినప్పుడల్లా నాయకత్వం, శిక్షణ, క్రమశిక్షణ అనే మాటలే వినబడతాయి. అవి అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ ఒక భూభాగం భద్రతను ఒకరి భుజాల మీద పెట్టి, అక్కడ నేరం చేసినవాళ్లలో బయటివాళ్లపై కేసు పెట్టవద్దంటే ఏ నాయకత్వమైనా ఎంతవరకు పనికొస్తుంది? తెగ పోలీసు శాఖల్లోని అసలు లోపం చీఫ్‌ల సామర్థ్యంలో లేదు. బాధ్యతను ఒకచోట, అధికారాన్ని ఇంకోచోట పెట్టిన చట్టంలో ఉంది. దాన్ని సరిచేయనంతకాలం ఎంత గట్టి అధికారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టినా ఫలితం అంతంతమాత్రమే.

ఈ చీలిక ఒక్కరోజులో రాలేదు. 1881లో రోజ్‌బడ్ ప్రాంతంలో లకోటా నాయకుడు స్పాటెడ్ టెయిల్‌ను అదే తెగకు చెందిన క్రో డాగ్ కాల్చి చంపాడు. తెగ తన ఆచారం ప్రకారం తగవు తీర్చి, హతుడి కుటుంబానికి పరిహారం ఇప్పించింది. ఆ మీదట అమెరికా ప్రభుత్వ కోర్టు వేసిన ఉరిశిక్ష చెల్లదని 1883లో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ఉలిక్కిపడిన అమెరికా చట్టసభ కాంగ్రెస్ 1885లో చట్టం చేసి హత్య వంటి ఘోర నేరాలను ఫెడరల్ పరిధిలోకి లాక్కుంది. 1953లో మరో చట్టం కొన్ని రాష్ట్రాల్లో ఆ అధికారాన్ని తెగల సమ్మతి లేకుండానే రాష్ట్ర ప్రభుత్వాల చేతికిచ్చింది. 1968 నాటి చట్టం తెగ కోర్టు వేయగల జైలుశిక్షను ఆరు నెలలకు కుదించింది. తర్వాత అది ఏడాది అయింది. 2010లో, కొన్ని షరతులు పాటించే తెగలకు నేరానికి మూడేళ్ల దాకా పెరిగింది. వీటన్నిటికన్నా లోతైన దెబ్బ 1978లో పడింది. తమ ఉత్సవంలో తెగ పోలీసుపై చేయిచేసుకున్న ఒక శ్వేతజాతీయుడిపై వాషింగ్టన్ రాష్ట్రంలోని సుక్వామిష్ తెగ కేసు పెడితే, ఇండియన్ కానివాళ్లను విచారించే అధికారం తెగలకు లేదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఈ తీర్పు బరువు ఆడవాళ్ల మీద ఎలా పడిందో చూడాలి. నేటివ్ అమెరికన్, అలాస్కా మూలవాసుల స్త్రీలలో ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా జీవితంలో ఏదో ఒక హింసకు గురయ్యారని 2016లో అమెరికా న్యాయశాఖ పరిశోధన సంస్థ నివేదిక వెల్లడించింది. లైంగిక హింసకు గురైనవారిలో 96 శాతం మంది విషయంలో కనీసం ఒక నిందితుడు వేరే జాతివాడు. ఆ లెక్క తెగల భూభాగాల బయట జరిగినవాటిని కూడా కలుపుకొన్నదే. అయినా ఆ భూభాగాల్లోనూ నేరస్థుడు బయటివాడైతే చాలాసార్లు తెగ పోలీసు చీఫ్ చేతిలో కేసు ఉండదు. ఫెడరల్ ప్రాసిక్యూటరు తీసుకుంటారులే అనుకుందామా? 2005 నుంచి 2009 వరకు ఇండియన్ ప్రాంతాల నుంచి వచ్చి పరిష్కారమైన సుమారు 9,000 కేసుల్లో సగాన్ని ఫెడరల్ ప్రాసిక్యూటర్లు చేపట్టకుండా వదిలేశారని ప్రభుత్వ ఆడిట్ సంస్థే తేల్చింది. లైంగిక నేరాల్లో ఆ వాటా మూడింట రెండొంతులు. సాక్ష్యం చాలకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. నిజమే, కానీ దర్యాప్తు అధికారి గంటల దూరం ప్రయాణించి వచ్చేలోగా సాక్ష్యం ఎంత నిలుస్తుంది?

ఇక ఉన్న బలగం సంగతి. అరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాల్లో పరుచుకున్న నవాహో తెగ భూభాగం, నవాహో నేషన్, సుమారు 70,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో దాదాపు మూడింట రెండొంతులు. దానికున్న పోలీసులు అటూ ఇటూగా రెండొందల మంది. దక్షిణ డకోటాలో ఓగ్లాలా లకోటా తెగ ఉండే పైన్ రిడ్జ్ పరిస్థితి మరీ దయనీయం. ఆ తెగ కోర్టుకు చెప్పిన లెక్కల ప్రకారం 5,400 చదరపు మైళ్లకు 33 మంది పోలీసులు, ఎనిమిదిమంది దర్యాప్తు అధికారులు. ఏడాదికి లక్షకు పైగా అత్యవసర ఫోన్లు. తలా మూడువేలు పడతాయన్నమాట. మూడు షిఫ్టులు, సెలవులు, కోర్టు హాజర్లు తీసేస్తే ఏ క్షణంలోనూ పదిమంది రోడ్డు మీద ఉండరు. ఇంట్లో భర్త కొడుతున్నాడని ఒక స్త్రీ ఫోన్ చేస్తే, ఏ ఫోనుకు బండి పంపాలి, ఏది ఆపాలి అన్నది తేల్చుకోవడమే అక్కడి చీఫ్ రోజువారీ నాయకత్వం. 120 మంది కావాలని తెగ 2022లో దావా వేసింది. 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందంలో లకోటాల మీద తెల్లవాళ్లు చేసే అకృత్యాలకు శిక్ష వేయించే పూచీ అమెరికా ప్రభుత్వం తీసుకుంది. ఆ ఒప్పందం కింద శాంతిభద్రతల బాధ్యత ప్రభుత్వానికి ఉందని 2023లో ఫెడరల్ న్యాయమూర్తి ఒప్పుకున్నారు. తెగ అడిగినంత బలగం మాత్రం ఆ ఉత్తర్వుతో రాలేదు. అదే ఏడాది నవంబరులో తెగ అధ్యక్షుడు నేరాలపై అత్యవసర పరిస్థితి ప్రకటించారు.

చీఫ్ చేయగలిగింది ఏమీ లేదని కాదు. పొరుగు కౌంటీ షెరీఫ్‌తో ఒప్పందం కుదుర్చుకుని పరస్పరం అధికారాలు ఇచ్చిపుచ్చుకోవచ్చు. తెగల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ బ్యూరో ఆఫ్ ఇండియన్ అఫైర్స్ నుంచి ప్రత్యేక అధికార పత్రం తెచ్చుకుంటే తన సిబ్బంది ఫెడరల్ చట్టం కిందా అరెస్టు చేయగలరు. మంచి చీఫ్‌లు ఈ పనులు ఓపిగ్గా చేస్తున్నారు. కానీ షెరీఫ్‌ది ఎన్నికతో వచ్చే పదవి. మనిషి మారితే ఒప్పందం మూలన పడవచ్చు. పొరుగువాడి మంచితనం మీద నిలబడ్డ భద్రతను వ్యవస్థ అనలేం.

బయటివాళ్లను విచారించే అధికారం తెగలకు ఇవ్వాలన్న వాదనకు ఎదురుగా వినిపించే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. తెగ ఎన్నికల్లో ఓటు లేనివాళ్లను తెగ కోర్టు ఎలా శిక్షిస్తుంది అని. ఇది తేలిగ్గా తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. అయితే హైదరాబాద్ నుంచి టెక్సస్ వెళ్లి పనిచేసుకుంటున్న మనవాడికి అక్కడ ఓటు లేదు. తప్పు చేస్తే టెక్సస్ కోర్టే విచారిస్తుంది, దాన్ని ఎవరూ అన్యాయం అనరు. కావాల్సింది ఓటు కాదు, న్యాయమైన విచారణ. 2013 చట్టం గృహహింస కేసుల వరకు ఇండియన్ కానివాళ్లను విచారించే అధికారం తిరిగి ఇచ్చినప్పుడు ఆ రక్షణలన్నీ పెట్టింది. న్యాయశాస్త్రం చదివిన జడ్జి, పేదవాడికి ఉచిత న్యాయవాది, తెగ బయటివాళ్లకూ చోటున్న జ్యూరీ, ఫెడరల్ కోర్టుకు వెళ్లే దారి. ఆ అధికారాన్ని 2014లో వాడటం మొదలుపెట్టిన మూడు తెగల్లో అరిజోనాలోని పాస్కువా యాకీ ఒకటి. ఈ అధికారం కింద అక్కడ జ్యూరీ ముందుకు వచ్చిన మొదటి కేసులో నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు. పక్షపాతం భయం చూపేవాళ్లు ఈ తీర్పు గురించి ఏమంటారు? 2022లో ఆ అధికారాన్ని లైంగిక హింస, పిల్లలపై హింస, వెంటాడి వేధించడం, తెగ పోలీసులపై దాడులకు కూడా విస్తరించారు. బయటివాడు చేసే దొంగతనం, మత్తుమందుల అమ్మకం ఇంకా తెగ కోర్టు గడప బయటే ఉన్నాయి.

రెండో అభ్యంతరం లోపలి నుంచి వచ్చేది. తెగ కౌన్సిళ్లు చీఫ్‌ల మీద ఒత్తిడి తెస్తాయి, అందరూ బంధువులైన చోట కేసు నిష్పాక్షికంగా నడవదు అంటారు. దీంట్లో నిజం ఉంది. దాచడం తెగలకు మేలు కాదు. దీనికి విరుగుడు పోలీసుకు, కౌన్సిల్‌కు మధ్య స్వతంత్ర కమిషన్ వంటి గోడ కట్టడం. అధికారాన్నే ఊడబీకడం వైద్యం అనిపించుకోదు. పైగా బయటి ప్రభుత్వం నడిపిన పోలీసు నిష్పాక్షికమని చరిత్ర చెప్పదు. 1890 డిసెంబరు 15న తెగలపై ప్రభుత్వం పెట్టిన అధికారి, ఇండియన్ ఏజెంట్, ఆదేశంతో లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్‌ను పట్టుకోబోయి కాల్చి చంపింది ఇండియన్ పోలీసులే. సొంతవాళ్లకు యూనిఫాం తొడిగి, ఆజ్ఞ మాత్రం తన దగ్గర పెట్టుకున్న పాలన అది. తెగలు పోలీసు శాఖను తామే నడుపుకునే వీలు 1975 చట్టంతో వచ్చింది. ఆ యూనిఫాం మీది పాత అపనమ్మకాన్ని పోగొట్టే పని నేటి చీఫ్‌ల నెత్తిన పడింది.

బాధ్యత ఉంచి అధికారం తీసేసే ఈ పనే బ్రిటిష్ సర్కారు మన మన్యంలోనూ చేసింది. శాంతిభద్రతల భారం ముఠాదార్ల (కొండ గ్రామాల సముదాయాల పెద్దల) మీద ఉంచి, వాళ్ల హక్కులను ఒక్కొక్కటిగా కత్తిరించింది. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం గంటందొర బట్టిపనుకులలో తన పదవి పోగొట్టుకున్నవారే.

ఇప్పుడు జరగాల్సిన పనులు కొత్తవేం కావు. 1978 తీర్పే, ఈ విషయం మార్చడం కాంగ్రెస్ చేతిలో ఉందని చెప్పింది. 2013, 2022ల్లో కాంగ్రెస్ కొంత మార్చింది కూడా. తక్కిన నేరాలకూ అవే రక్షణలతో ఆ అధికారాన్ని చాపాలి. డబ్బును దయాధర్మంగా కాక ఒప్పందం ప్రకారం తీరాల్సిన బాకీగా బడ్జెట్‌లో చూపాలి. అంతకన్నా ముందు ఒక చిన్న సంగతి. న్యూమెక్సికోలోని ఆర్టీసియా అకాడమీలో పక్కపక్కన కూర్చుని శిక్షణ పొందే ఇద్దరిలో ఒకరు బ్యూరో ఆఫ్ ఇండియన్ అఫైర్స్‌లో చేరితే ఫెడరల్ పెన్షన్ ఉంటుంది. అదే పని తెగ శాఖలో చేసే రెండోవారికి ఉండదు. ఆ తేడా తీసేసే బిల్లు కాంగ్రెస్‌లో ఏళ్ల తరబడి నానుతూ వచ్చింది. ఈలోగా తెగల చీఫ్‌లు తాము తయారుచేసిన మనుషులను కౌంటీలకూ రాష్ట్రాలకూ పోగొట్టుకుని, ఖాళీ పోస్టులకు మళ్లీ ప్రకటనలు ఇస్తూనే ఉన్నారు.