వీసీ సర్వర్ ఎవరి అధీనంలో?

అబ్దుల్ కలాం 1982లో క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్‌కు వచ్చారు. మరుసటి ఏడే సమీకృత క్షిపణి కార్యక్రమం మొదలైంది. రూపకల్పన ఇక్కడ, పరీక్ష ఒడిశా తీరంలోని చాందీపూర్‌లో. 1989 మే 22న అగ్ని క్షిపణి తొలిసారి లేచింది అక్కడినుంచే. పక్కనే ప్రత్యేక లోహాలు చేసే మిధానీ, క్షిపణులు తయారుచేసే బీడీఎల్ ఉన్నాయి. ఇలాంటి చోట దూరాన ఉన్నవారితో మాట్లాడకుండా పని సాగదు. అలాగని ఆ మాట గోడ దాటి బయటకు పోకూడదు. అందుకే ఇక్కడ వీడియో కాన్ఫరెన్స్, అధికారుల మాటల్లో వీసీ, పెట్టాలంటే బొమ్మ నాణ్యతకంటే ముందు తేల్చాల్సిన సంగతి ఒకటుంది: మధ్యనుండే సర్వర్ ఎక్కడుంది? దానిమీద అధికారం ఎవరిది?

ఇద్దరే అయితే కంప్యూటర్లు నేరుగా కలుస్తాయి. పదిమందైతే ఒక్కొక్కరు తొమ్మిదిమందికి తమ బొమ్మ పంపాలి. మొత్తం 90 ప్రవాహాలు. ఇంటి కనెక్షన్లు తట్టుకోలేవు. అందుకని నడుమ ఒక బ్రిడ్జి పెడతారు. పాతరకం బ్రిడ్జి, ఎంసీయూ, అందరి బొమ్మలనూ విప్పి, ఒకే చట్రంలో అమర్చి, మళ్లీ కుదించి పంపుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎస్‌ఎఫ్‌యూ దేన్నీ విప్పదు, వచ్చింది వచ్చినట్టు పంచిపెడుతుంది. మీరు పంపేది ఒక్క సర్వర్‌కే. ఆ 90 ప్రవాహాల భారం సర్వర్ మోస్తుంది. ఒక్కో ప్రవాహం సెకనుకు ఒక మెగాబిట్ అనుకున్నా, సర్వర్ నుంచి 90 మెగాబిట్లు బయటకు పోవాలి. ఈ భారం తగ్గించడానికే మీ కంప్యూటర్ ఒకే బొమ్మను రెండుమూడు సైజుల్లో పంపుతుంది. తెరమీద చిన్న గడిలో కనిపించేవారికి సర్వర్ చిన్నదాన్నే ఎంచి పంపుతుంది.

భద్రత ముడిపడేది ఇక్కడే. ఎంసీయూ బొమ్మలు కలపాలంటే వాటి గుప్తలిపిని విప్పి తీరాలి. అంటే దాన్ని నడిపేవారికి సమావేశం చూసే వీలుంటుంది. ఎస్‌ఎఫ్‌యూ విషయంలో తాళంచెవులు పాల్గొనేవారి దగ్గరే ఉంచుకోవచ్చు. అప్పుడు కూడా ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడారో సర్వర్‌కు తెలుస్తుంది. రక్షణ సంస్థ విషయంలో ఆ జాబితా కూడా రహస్యమే. కాబట్టి సొంత ప్రాంగణంలో, బయటి ఇంటర్‌నెట్‌తో కలవని నెట్‌వర్క్‌మీద సర్వర్ పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు దండగ కాదని నా గట్టి అభిప్రాయం.

సర్వర్ మనదైనంత మాత్రాన సరిపోదు, నిర్వహణ కావాలి. 2020 ఏప్రిల్‌లో జూమ్ సురక్షితం కాదంటూ కేంద్ర హోంశాఖ సూచనలు విడుదల చేసింది. ప్రతి సమావేశానికీ కొత్త పాస్‌వర్డ్, వెయిటింగ్ రూమ్, హోస్ట్ రాకముందు ఎవరూ చేరకుండా అడ్డు, తెర చూపే హక్కు హోస్ట్‌కే, అందరూ వచ్చాక లాక్: ఆ సూచనల్లోని ఇవన్నీ నిర్వాహకుడి తెరమీది మీటలే. సమావేశాల నంబర్లు వరసగా ఊహించి చొరబడేవారిని ఆపేది ఈ మామూలు మీటలే.

జూమ్ లాంటివాటికి బదులుగా అదే నెలలో కేంద్ర ఐటీ శాఖ దేశీయ వీసీ కోసం పోటీ పెట్టింది. ఆగస్టులో కేరళలోని అలప్పుళకు చెందిన టెక్‌జెన్షియా గెలిచింది; తుదిదశకు చేరినవాటిలో హైదరాబాద్ సంస్థ పీపుల్‌లింక్ కూడా ఉంది.

నిర్వాహకులు ఎక్కువగా మరిచేది ఖాతాల సంగతి. వీసీకి వేరే లాగిన్లు ఇస్తే, బదిలీ అయినవారి ఖాతా నెలల తరబడి బతికే ఉంటుంది. ఉద్యోగుల జాబితాతో వీసీని కలిపితే, అక్కడ పేరు తీసేసిన రోజే ఇక్కడా తలుపు మూసుకుంటుంది. రికార్డింగులకు కూడా గడువు పెట్టాలి: ఎవరు చూడొచ్చు, ఎన్నాళ్లకు చెరిపేయాలి అన్నది సమావేశం మొదలయ్యేలోపే నిర్ణయమై ఉండాలి.