తెర అవతలి తమ్ముడు

"చెప్పేవాడికి వినేవాడు లోకువ" అన్నారు పెద్దలు. ఆన్‌లైన్ పాఠంలో ఈ సామెత తిరగబడింది. నచ్చకపోతే వినేవాడు ఒక్క మీట నొక్కి చెప్పేవాడి గొంతు ఆపేయగలడు. గోడకుర్చీ వేయించడానికి గోడ లేదు, ఎక్కించడానికి బెంచీ లేదు. మరి పదేళ్ళ పిల్లవాణ్ణి ఫోను ముందు కుదురుగా కూర్చోబెట్టడం ఎట్లా?

ఈ హాస్టల్లో చదువుకొని వెళ్ళిన మేము కొందరం, సెలవుల్లో ఇళ్ళకు వెళ్ళిన తమ్ముళ్ళకు ఫోన్లోనే లెక్కలు, ఇంగ్లీషు చెబుతున్నాం. మాలాగే చెప్పాలనుకునే పూర్వ విద్యార్థుల కోసం, వినే తమ్ముళ్ళ కోసం మాకు తెలిసిన నాలుగు మాటలు ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాం.

మా తప్పు

2020 మార్చిలో కరోనా వల్ల బడులు, హాస్టళ్ళు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో 3 నుంచి 10వ తరగతి వరకు పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో వచ్చాయి. టీవీ పాఠం ఎంత బాగున్నా అది ఒకవైపు మాటే. పిల్లవాడు విన్నాడో లేదో టీవీకి తెలియదు. అందుకే ఎదురుగా ఉండి అడిగేవాడు, మెచ్చుకునేవాడు ఒకరు కావాలనిపించి మేము ఈ పని మొదలుపెట్టాం.

మొదటి నెలలోనే తప్పు చేశాం. ఆరో తరగతి తమ్ముడొకడు రోజూ వీడియో ఆపేసి కూర్చునేవాడు. "ముఖం చూపించకపోతే క్లాసుకు రావద్దు" అని అందరి ముందు గట్టిగా అన్నాం. మర్నాటి నుంచి వాడు నిజంగానే రాలేదు. రెండు వారాల తర్వాత వాళ్ళమ్మకు ఫోన్ చేస్తే సంగతి తెలిసింది. ఉన్నది ఒకటే గది. వెనక అమ్మ వంట చేస్తుంటుంది, చెల్లి పడుకొని ఉంటుంది. వీడియో పెడితే ఇల్లంతా అందరికీ కనబడుతుందని వాడి సిగ్గు.

ఆ సిగ్గు మనకు తెలియనిదా? పక్కవాడి ముందు ట్రంకు పెట్టె మూత తీయడానికి వెనకాడినవాళ్ళమే మనం. కాప్రాలో ఒక వీధిలో మేడలుంటే పక్క వీధిలో రేకుల ఇళ్ళుంటాయి. అన్ని ఇళ్ళ పిల్లలూ ఒకే తెర మీదికి వస్తారు. అందుచేత మా మొదటి నియమం ఇది: అల్లరి అనుకునే ముందు కారణం అడగాలి. అది కూడా విడిగా, ఫోన్ చేసి అడగాలి. వీడియో పెట్టలేనివాడు మాటతోనో, పలక మీద రాసి ఫొటో పంపో జవాబిస్తే చాలు.

మొదటి ఐదు నిమిషాలు

పాఠానికి ముందు ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచి, "అన్నం తిన్నావా?" అని అడుగుతాం. పేరు పిలిపించుకున్నవాడు మధ్యలో జారిపోడు. నియమాలు మూడే పెట్టుకున్నాం: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు మైకు ఆపాలి, సందేహం వస్తే చెయ్యెత్తాలి, ఎవరినీ వెక్కిరించకూడదు. ఇవి మేము చెప్పినవి కావు, పిల్లల చేతనే చెప్పించాం. తాము పెట్టుకున్న నియమాన్ని తామే కాపాడుకుంటారు.

పాఠం పొడుగు కూడా చూసుకోవాలి. కేంద్ర విద్యాశాఖ 2020 జూలైలో 'ప్రజ్ఞత' పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం 1 నుంచి 8వ తరగతి వరకు రోజుకు రెండు పాఠాలకు మించరాదు. 9 నుంచి 12 వరకు నాలుగు. ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలు. గంటన్నర కూర్చోబెట్టి, పిల్లవాడు కదులుతున్నాడని కోప్పడితే తప్పు ఎవరిది?

ప్రశ్న అడిగాక ఆగడం నేర్చుకోవాలి. టీచర్లు ప్రశ్న వేసి సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరుగుతాయని అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. ఫోన్లో మాట చేరడమే ఆలస్యం. మేము మనసులో ఐదు లెక్కపెడతాం.

మెచ్చుకోవడం ఎట్లా?

2009లో సుగతా మిత్రా అనే శాస్త్రవేత్త ఇంగ్లండులోని అవ్వలను స్కైప్ ద్వారా మన దేశపు పిల్లలతో కలిపారు. వారిలో హైదరాబాదు పిల్లలూ ఉన్నారు. ఆ అవ్వలు పాఠం చెప్పరు. "అబ్బో! ఇదెలా చేశావు? నాకూ చూపించు" అన్నట్టు ముచ్చటపడతారు. మన ఇళ్ళలో నాయనమ్మలు చేసేదీ అదే.

అయితే మెచ్చుకోలులోనూ తేడా ఉంది. 1998లో ముల్లర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదో తరగతి పిల్లలను పరీక్షించారు. "తెలివైనవాడివి" అని పొగిడించుకున్నవాళ్ళు కష్టమైన ప్రశ్నలు తప్పాక నీరుగారిపోయారు. "బాగా కష్టపడ్డావు" అనిపించుకున్నవాళ్ళు వదలకుండా ప్రయత్నించారు. అందుకే మేము ఉత్త 'వెరీ గుడ్' మానేశాం. "నిన్న తప్పిన భాగహారం ఇవాళ రెండుసార్లు సరిచూసుకున్నావు" అని చేసిన పని చెప్పి మెచ్చుకుంటున్నాం.

స్టార్లు, చాక్లెట్లు కూడా మితంగా వాడాలి. బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లలకు బహుమతి ఆశ చూపితే, తర్వాత వాళ్ళు తమంతట తాము గీయడం తగ్గిందని 1973 నాటి లెపర్ బృందం ప్రయోగం చెబుతోంది. మా దగ్గర పెద్ద బహుమతి చాక్లెట్ కాదు. వారమంతా క్రమంగా ఉన్న తమ్ముడు ఆదివారం పది నిమిషాలు 'సారు' అవుతాడు. ఎక్కాలు వాడే అడుగుతాడు, మేము జవాబు చెబుతాం. కావాలని ఒకటి తప్పు చెబితే పట్టుకొని ఎంత సంబరపడతాడో!

అయినా అల్లరి చేస్తే?

ముందు పేరు పిలిచి చిన్న పని అప్పగిస్తాం. తర్వాత విడిగా మాట్లాడతాం. అందరి ముందు పరువు తీయం. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. తెర మీద అన్న మాట ఒక్క పిల్లవాడితో పోదు, పది ఇళ్ళలో వినబడుతుంది.

ఆ ఆరో తరగతి తమ్ముడికి మేము ఫోన్ చేసి, "తప్పు మాదే, రారా" అన్నాం. వచ్చాడు. చాలా రోజులు వీడియో పెట్టలేదు, మేమూ అడగలేదు. ఒకరోజు తనే పెట్టాడు. వెనక చెల్లి పలక పట్టుకొని కూర్చుంది, తనకూ లెక్క ఇవ్వమని!

అన్నలారా, వారానికి ఒక్క గంట చాలు. మనం స్టడీ అవర్లో కూర్చున్న చాప మీదే ఇప్పుడు వాళ్ళు కూర్చుంటున్నారు. ఫోను తీయండి, పేరు పెట్టి పిలవండి.