పనిని మనిషికి తగినట్లు మలచినవారు

జపాను దేశమున, టోక్యో మహానగరమునకు ఆనుకొనియున్న కవాసాకి పట్టణమందు, సుద్దముక్కలు తయారుచేయు ఒక చిన్న కార్ఖానా కలదు. 1937లో స్థాపితమైన నిహోన్ రికగాకు అను ఆ సంస్థ ఆ దేశపు సుద్దముక్కల వ్యాపారమున అగ్రస్థానము వహించుచున్నది. అందు పనిచేయువారిలో నూటికి 70 మందికి పైగా మేధోవైకల్యము గలవారు. వారిలో పలువురకు లెక్కలు రావు, గడియారము చూచి వేళ చెప్పుట రాదు. అయినను ముడిపదార్థములను తూచి, కలిపి పిసికి, కడ్డీలుగా తీసి, కోసి, ఆరబెట్టి, పెట్టెలకెత్తువరకు గల పనులు వారి చేతులమీదనే జరుగుచున్నవి.

వికాసవైకల్యము గలవారికి ఉద్యోగమిచ్చిన యజమానులను సంఘము గుర్తించి గౌరవించవలెనను మాట వచ్చినప్పుడెల్ల నాకు ఈ కార్ఖానాయే జ్ఞప్తికి వచ్చును. ఏలయన, అట్టి గౌరవము యజమాని దయాగుణముకంటె అతని పరిశీలనాశక్తికే ముందుగా చెందవలెనని నాకు నేర్పినది దీని చరిత్ర.

పుట్టుకతోడనో, పసితనముననో మెదడు ఎదుగుదలయందు కలిగిన భేదము వలన గ్రహణశక్తికిగాని, మాటకుగాని, పదుగురితో మెలగుటకుగాని, అవయవముల కదలికకుగాని జీవితకాలమంతయు ఏర్పడు ఆటంకమును వికాసవైకల్యమందురు. మన పెద్దలు బుద్ధిమాంద్యమని పిలిచిన మేధోవైకల్యము, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఈ కోవలోనివి. ఇది మందులతో మానునట్టి రోగము కాదు. కాని శిక్షణవలనను, పరిసరముల అనుకూలతవలనను మనిషి సామర్థ్యము ఎంతయో పెరుగును. బడి యున్నంతకాలము బిడ్డకు ఒక దినచర్య యుండును. పదునెనిమిదేండ్లు నిండి బడి విడిచిన నాటినుండి పలువురకు ఇంటి అరుగే లోకమగును. 'మేము పోయిన తరువాత వీని గతి యేమి?' అని తల్లిదండ్రులు అడుగు ప్రశ్నకు ఆస్తి వ్రాసియిచ్చుట సగము సమాధానమే. తక్కిన సగము వానికొక పని, ఒక జీతము, పేరుపెట్టి పలకరించు తోటివారు.

1959లో ఒక ప్రత్యేక పాఠశాల ఉపాధ్యాయుడు ఆ సుద్ద కార్ఖానాకు వచ్చి, బడి ముగించుకొనుచున్న ఇద్దరు బాలికలకు ఉద్యోగమిమ్మని కోరెను. సంస్థ వ్యవహారములు చూచుచున్న యసుహిరో ఓయామా, అంతటి బాధ్యత వహింపజాలనని చెప్పి పంపివైచెను. రెండవమారు వచ్చినను అదే సమాధానము. మూడవమారు ఆ ఉపాధ్యాయుడు ఉద్యోగమను మాట విడిచి, ఈ పిల్లలు ఏ శరణాలయమునకో పోయి పని యన నేమో ఎరుగకయే బ్రతుకు గడుపవలసివచ్చునని, కొన్నాళ్ళపాటైనను ఆ అనుభవము కలుగజేయుమని వేడుకొనెను. ఓయామా రెండు వారములకు ఒప్పుకొనెను. అప్పగించిన చిన్న పనిలో ఆ బాలికలు ఎంతగా లీనమైరనిన, విరామపు గంట మ్రోగినను తలయెత్తకుండిరి. గడువు ముగియుచుండగా కార్ఖానాలోని పనివారు ఓయామా చుట్టు చేరి, వారిని మనతోనే ఉంచుకొందము, వారికి రానిదేమైన నున్నచో మేము చూచుకొందుమని పట్టుబట్టిరి. 1960లో ఆ యిద్దరును ఉద్యోగస్థులైరి.

ఈ వృత్తాంతమున యజమాని కంటె ముందు నిశ్చయించుకొన్నవారు తోటి పనివారు; వారికంటెను ముందు కదలినవాడు, మూడుమారులు గడప త్రొక్కిన ఉపాధ్యాయుడు. సన్మానపత్రములు వ్రాయువారు వీరిని తరచు మరచిపోవుదురు.

శరణాలయమున నిశ్చింతగా కూర్చుండక వీరు కార్ఖానాకు ఏల వత్తురని ఓయామాకు చాలకాలము సందేహముండెను. ఒక బౌద్ధభిక్షువును అడుగగా, ప్రేమింపబడుట, మెప్పు పొందుట, ఒకరికి ఉపయోగపడుట, ఒకరికి అవసరమగుట మనిషికి పరమసుఖములనియు, వానిలో కడపటి మూడును పనివలననే లభించుననియు ఆయన చెప్పెనట.

సానుభూతి వారిని కార్ఖానాలోనికి తీసికొనిరాగలిగెను గాని, సానుభూతితో సుద్ద తయారు కాదు. ముడిపదార్థముల పాళ్ళు తప్పరాదు, కలియద్రిప్పు కాలము తప్పరాదు. లెక్కరానివారు తూచుట ఎట్లు? వారు ప్రతిదినము ఇంటినుండి ఒంటరిగా బయలుదేరి, కూడళ్ళలో ఎఱ్ఱదీపమునకు ఆగి, పచ్చదీపమునకు దాటి వచ్చుచున్నారని ఓయామా గమనించెను. అంకెలు తెలియకున్నను రంగులు తెలియును గదా! అంతట పదార్థమున్న పాత్రకొక రంగును, దానిని తూచు రాతికి అదే రంగును పెట్టించెను. ఒక రంగు పాత్రలోనిది ఆ రంగు రాతితోనే త్రాసు సమమగువరకు తూచినచో చాలును, అంకె చదువ నక్కరలేదు. కాలము తెలియుటకు ఇసుక గడియారము నుంచెను. ఇసుక జారిపోగానే యంత్రము నాపవలెను. కడ్డీల మందము కొలుచుటకు సన్నని గీతలుగల కొలమానము బదులు, తగిన మందము గలది నిలిచి, మరీ సన్ననిది జారిపడు గాడిగల చట్రమును చేయించెను. చెప్పునకు సరిపడునట్లు కాలిని కోయు అలవాటు లోకమందలి కార్యాలయములన్నిట నున్నది. ఓయామా చెప్పునే మార్చెను.

లోకము ఆయనను గుర్తించుటకు సుమారు అర్ధశతాబ్ది పట్టినది. 2008లో కోజి సకమోతో అను ఆచార్యుడు, జపానులో మిక్కిలి ఆదరింపదగిన సంస్థలను గూర్చి వ్రాసిన పుస్తకము ఈ కార్ఖానాను దేశమంతట ఎరిగించినది. 2009లో షిబుసావా ఎయిచి పేరిటి పురస్కారము ఓయామాకు లభించినది. ఆ యేడే ప్రధాని హతోయామా కార్ఖానాను స్వయముగా చూచి, పార్లమెంటులో తన ప్రసంగమున దానిని ప్రస్తావించెను. 2019లో ఓయామా మరణించెను.

వ్యక్తులకు జరుగు సన్మానముల కంటె నాకు మేలుగా తోచినది, 2020లో ఆ దేశపు కార్మికశాఖ ప్రారంభించిన 'మోనిసు' అను గుర్తింపు. 300 మందికి మించని చిన్న సంస్థలకే ఇది వర్తించును. పనిలో ఏ మార్పులు చేసిరి, నియమితులు ఎంతకాలము నిలిచిరి, తమ అనుభవమును ఇతరులకు తెలుపుచున్నారా అనువానికి మార్కులు వేసి, అర్హులకు ఒక చిహ్నమును, అల్పవడ్డీ ఋణములకు అవకాశమును కల్పింతురు.

మన దేశమున దివ్యాంగులకు పనియిచ్చిన ఉత్తమ యజమానులకు జాతీయ పురస్కారములు 1969లోనే ఆరంభమైనవి; నేడు వానిని డిసెంబరు 3న, అంతర్జాతీయ దివ్యాంగుల దినమున రాష్ట్రపతి చేతులమీదుగా ఇచ్చుట ఆచారము. అయినను మేధోవైకల్యము గలవారు ఈ వరుసలో చాలకాలము వెనుకనే నిలిచిరి. దివ్యాంగుల కొరకు చేసిన 1995 చట్టము ప్రభుత్వోద్యోగములలో ఏర్పరచిన 3 శాతము రిజర్వేషనులో వారికి చోటే లేదు. 2016 చట్టము దానిని 4 శాతమునకు పెంచి, ఆటిజం, మేధోవైకల్యము, మానసిక రుగ్మత మున్నగువానికన్నిటికిని కలిపి 1 శాతము కేటాయించినది. అదే చట్టపు 35వ విభాగము, ప్రైవేటు సంస్థల సిబ్బందిలో కనీసము 5 శాతము దివ్యాంగులుండునట్లు ప్రోత్సాహకములు కల్పింపుమని ప్రభుత్వములను ఆదేశించుచునే, 'ఆర్థికశక్తికి లోబడి' అను సడలింపును చేర్చినది. ఇట్టి స్థితిలో వారికి తెరచుకొన్న తలుపులలో అధికభాగము యజమానులు స్వేచ్ఛగా తెరచినవే. 2017లో కర్ణాటకమందలి హుబ్బళ్ళిలో మొదలైన మిట్టి కేఫే, దివ్యాంగులచేతనే నడుపబడుచు, 2023లో సర్వోన్నత న్యాయస్థానపు ఆవరణలో కూడ ఒక శాఖను తెరచినది. మన సికింద్రాబాదులోని మనోవికాసనగరమున మేధోవైకల్యము గలవారి కొరకు 1984లో వెలసిన జాతీయసంస్థ, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు దారి చూపుచున్నది. శిక్షణ పొందినవానిని చేర్చుకొను వాకిళ్ళు ఇంకను పెక్కు కావలెను.

కావున పురస్కారమును నిర్ణయించువారు కొన్ని ప్రశ్నలు విధిగా అడుగవలెను. మొదట చేరినవాడు ఇంకను ఉన్నాడా? తోటివాని జీతమే వానికిని ఇచ్చుచున్నారా? (అమెరికాలో 1938 నాటి చట్టము అనుమతిపత్రము పొందిన యజమానులను దివ్యాంగులకు కనీస వేతనము కంటె తక్కువ ఇచ్చుకొననిచ్చినది, అట్టివారు కూడ ఉపకారులమనియే చెప్పుకొనగలరు.) వానికొరకు పనిలో ఏమి మార్చితిరి? ఈ మూడవదానికి జవాబు లేనివానికి పూలమాల వేయుట నాకు సమ్మతము కాదు. ఒకనిని వాకిట కూర్చుండబెట్టి, వచ్చినవారికి చూపి, ఛాయాచిత్రము తీయించుకొనుట ఉద్యోగమిచ్చుట కానేరదు.

డిసెంబరు 3న మన జిల్లాలలోను సభలు జరుగుచునే యున్నవి. ఆ వేదికలకు పదిమంది పనివారుగల బేకరీ యజమానినో, అచ్చుయంత్రము నడుపువానినో, నర్సరీలో మొక్కలు పెంచువానినో, అతని పనివారితోడను, వారికి నేర్పిన ఉపాధ్యాయునితోడను పిలిచి, మీరు చేసిన మార్పులేవో చెప్పుడని అడిగినచో, వినవచ్చిన తక్కిన యజమానులు తమ కొట్టులో మరునాడే చేసి చూడదగిన ఉపాయమొకటి నేర్చుకొనిపోగలరు.